మాకు క్యాడిలాక్ వద్దు, నడిస్తే చాలు!

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి క్లయింట్ కాల్. మాకు తొమ్మిదిన్నర, అమెరికాలో మిట్టమధ్యాహ్నం. మేం కట్టబోయే రిపోర్టుల స్క్రీన్ గురించి మా లీడ్ తెగ వర్ణిస్తుంటే, అవతలి పెద్దాయన మధ్యలో ఆపేశాడు. ‘మాకు క్యాడిలాక్ వెర్షన్ అక్కర్లేదు, నడిస్తే చాలు’ అన్నాడు.

నేను బుద్ధిగా నోట్సులో రాసుకున్నా: ‘క్యాడిలాక్ వెర్షన్ - అవసరం లేదు’. కాల్ అయ్యాక మా కోడ్ మొత్తం గాలించాను, ఆ పేరుతో బ్రాంచ్ ఎక్కడుందా అని. అరగంట తర్వాత సిగ్గు విడిచి లీడ్‌ని అడిగితే, ఆయన తాగుతున్న టీ పక్కన పెట్టి మరీ నవ్వాడు. ‘‘అది కారు పేరు తమ్ముడూ! అక్కడ దేన్నైనా అన్నిటికన్నా గొప్పది అనాలంటే క్యాడిలాక్ అంటారు’’ అన్నాడు.

నిజమే. అమెరికాలో ఖరీదైన ఆరోగ్య బీమాని ‘క్యాడిలాక్ ప్లాన్’ అంటారు. 2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య చట్టంలో అలాంటి ప్లాన్ల మీద వేద్దామనుకున్న పన్నుకి ‘క్యాడిలాక్ ట్యాక్స్’ అనే పేరు పడిపోయింది. అది అమల్లోకి రాకుండానే 2019లో రద్దయిందనుకోండి, అది వేరే కథ.

కొన్నేళ్లకి పని మీద ఆరువారాలు మిషిగాన్ వెళ్లాను. మా టీంలోనే పనిచేసే ఒంగోలు అన్న ఒకాయన ఆదివారాలు నన్ను తిప్పేవాడు. ఆయనది జపాన్ కారు. ‘‘అన్నా, ఇంత డెట్రాయిట్ పక్కన ఉండి క్యాడిలాక్ కొనలేదేంటి?’’ అని అడిగితే, ‘‘అది తాతల కారురా. రిటైరయ్యాక చూద్దాంలే’’ అన్నాడు.

చూశారా? భాషలో ‘అన్నిటికన్నా గొప్పది’. రోడ్డు మీదేమో ‘తాతల కారు’. ఒకే పేరుకి రెండు అర్థాలు ఎలా వచ్చాయి? అప్పటినుంచి తవ్వడం మొదలుపెట్టా. తవ్వుతూ పోతే చివరికి అందులో నా కథ కూడా ఒకటి బయటపడింది. అది తర్వాత చెప్తా.

అమ్మేద్దామనుకుంటే... కంపెనీ పుట్టింది

1902. హెన్రీ ఫోర్డ్ తన పేరు మీదే ఉన్న ‘హెన్రీ ఫోర్డ్ కంపెనీ’ నుంచి గొడవపడి బయటికొచ్చేశాడు. డబ్బులు పెట్టినవాళ్లు తలలు పట్టుకున్నారు. మూసేసి, మెషిన్లు అమ్మేసుకుందాం అనుకున్నారు. ఎంతొస్తుందో లెక్కగట్టమని హెన్రీ లేలండ్ అనే పెద్దాయన్ని పిలిచారు.

లేలండ్ మామూలు మనిషి కాదు. తుపాకుల ఫ్యాక్టరీల్లో, కొలత పరికరాలు చేసే కంపెనీలో చెయ్యి తిరిగినవాడు. ఇనుప ముక్క వెంట్రుక మందం తేడా వచ్చినా ఒప్పుకోని రకం. ఆయన ఫ్యాక్టరీ అంతా చూసి, ‘అమ్మడం ఎందుకు? నా దగ్గర ఒక ఇంజిన్ ఉంది, కార్లే చేద్దాం’ అని నచ్చజెప్పాడు. అలా పుట్టింది క్యాడిలాక్.

ఆ పేరు డెట్రాయిట్ ఊరిని 1701లో స్థాపించిన ఫ్రెంచి మనిషిది, ఆంత్వాన్ ద లా మోత్ క్యాడిలాక్. డెట్రాయిట్ నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో ఆయన విగ్రహం కూడా ఉంది. తమాషా ఏంటంటే, ఆయన అసలు పేరు ఆంత్వాన్ లోమె. జమీందారీ బిరుదు, వంశ చిహ్నం అన్నీ అమెరికా వచ్చాక తనకు తానే తగిలించుకున్నవని చరిత్రకారులు తేల్చారు. కారు ముందు మెరిసే ఆ చిహ్నం ఆయనదే. అంటే లోగో మాత్రం అరువు గొప్ప. కానీ దాని వెనకున్న పేరుని లేలండ్ కష్టపడి సంపాదించాడు. ఎలాగో చూడండి.

మూడు కార్లు... ఒక కుప్ప

ఆ రోజుల్లో కారు అంటే కంసాలి పనిలాంటిది. ఒక్కో ముక్కని ఆకురాయితో గీకి, ఆ కారుకి సరిపోయేలా చేసేవాళ్లు. ఒక కారు బోల్టు ఇంకో కారుకి పట్టేది కాదు. అందుకే అమెరికా నుంచి వచ్చే చవక కార్లంటే ఇంగ్లాండులో చిన్నచూపు.

1908లో లండన్ దగ్గరి బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌లో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ ఒక పరీక్ష పెట్టింది. మూడు క్యాడిలాక్ కార్లు తెచ్చి, ఆఖరి మరతో సహా విప్పేశారు. ఒక్కో కారులో 721 భాగాలు. అంటే మొత్తం 2,163 ముక్కలు ఒకే కుప్ప! అన్నీ కలిపేశారు. అది చాలదన్నట్టు 89 భాగాలు పక్కకు తీసేసి, వాటి బదులు డీలర్ దగ్గరున్న స్టాకులోంచి తెచ్చి కలిపారు. ఆకురాయి ముట్టుకోకూడదు. పానాలు, స్క్రూడ్రైవర్లు మాత్రమే వాడి మళ్లీ మూడు కార్లు బిగించాలి.

బిగించారు. మూడూ స్టార్టయ్యాయి. ఒక్కోటి 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్లు పరిగెత్తాయి. ఆ ఏడాది డ్యూయర్ ట్రోఫీ క్యాడిలాక్‌కి వచ్చింది. ‘ప్రపంచానికే ప్రమాణం’ అనే వాళ్ల నినాదానికి ఆధారం ఈ పరీక్షే.

నా భాషలో చెప్పాలంటే, క్లయింట్ కళ్లముందే మాడ్యూళ్లన్నీ పీకి, కలగాపులగం చేసి, మళ్లీ పెడితే ఒక్క ఎర్రర్ లేకుండా నడవడం. నా సర్వీసులో ఇంతవరకూ అలాంటిది చూడలేదు.

చెయ్యి విరగ్గొట్టే హ్యాండిల్

అప్పటి కార్లని ముందువైపు హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయాలి. ఇంజిన్ ఒక్కోసారి వెనక్కి తన్నేది. చేతులు, దవడలు విరిగేవి. డెట్రాయిట్‌లో ఒక కథ చెప్పుకుంటారు. బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు, లేలండ్‌కి స్నేహితుడు, బెల్ ఐల్ వంతెన మీద ఆగిపోయిన ఒకావిడ కారుకి సాయం చేయబోయి హ్యాండిల్ దెబ్బ తిన్నాడట. ఆ తర్వాత చనిపోయాడట. ఆ బాధతో లేలండ్ ‘ఇక హ్యాండిల్ ఉండకూడదు’ అని పట్టుబట్టాడంటారు.

ఆ పని చార్లెస్ కెటరింగ్ చేతికొచ్చింది. ఆయన అంతకుముందు షాపుల్లో డబ్బుల మెషిన్‌కి కరెంటు మోటారు పెట్టిన ఇంజినీరు. మోటారు రోజంతా తిరగక్కర్లేదు, కొన్ని క్షణాలు గట్టిగా తిరిగితే చాలు అన్న కిటుకు ఆయనకి అక్కడే తెలిసింది. అదే కిటుకుతో 1912 మోడల్ క్యాడిలాక్‌కి సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది, దాంతోపాటు కరెంటు లైట్లూ వచ్చాయి. ఇవాళ మీ స్కూటీ బటన్ నొక్కి స్టార్ట్ చేస్తున్నారంటే ఆ వరస అక్కణ్నుంచే.

లేలండ్ కథ ఇంకాస్త ఉంది. 1909లోనే క్యాడిలాక్‌ని జనరల్ మోటార్స్ కొనేసింది. మొదటి ప్రపంచ యుద్ధం టైమ్‌లో విమానాల ఇంజిన్ల విషయంలో గొడవై, 1917లో డెబ్బై దాటిన వయసులో ఆయన బయటికొచ్చి ఇంకో కంపెనీ పెట్టాడు. దాని పేరు లింకన్. అది అప్పుల్లో మునిగితే 1922లో కొన్నది ఎవరో తెలుసా? హెన్రీ ఫోర్డ్! ఫోర్డ్ వదిలేసిన కంపెనీని లేలండ్ క్యాడిలాక్ చేశాడు, లేలండ్ పెట్టిన లింకన్‌ని ఫోర్డ్ పట్టుకుపోయాడు. ఈ లింకన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

సర్వీస్ సెంటర్‌లో దొరికిన నిజం

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపేసిన ఘట్టం ఇది. 1930 జనవరిలో క్యాడిలాక్ 16 సిలిండర్ల కారు తెచ్చింది. కానీ అంతకు కొన్ని నెలల ముందే షేర్ మార్కెట్ కుప్పకూలింది. జనానికి తిండికే కష్టం, కార్లెవడు కొంటాడు? బ్రాండ్‌నే మూసేద్దామా అన్న చర్చ జరిగేంత దాకా వచ్చింది.

అప్పుడు సర్వీస్ విభాగం చూసే నికొలాస్ డ్రైస్టాట్ ఒక విషయం గమనించాడు. ఈ ముచ్చట మేనేజ్‌మెంట్ గురువు పీటర్ డ్రకర్ తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. నల్లజాతి వాళ్లకి క్యాడిలాక్ అమ్మకూడదన్నది అప్పటి కంపెనీ విధానం. కానీ సర్వీస్‌కి వచ్చే కార్లలో నల్లజాతి డాక్టర్లు, గాయకులు, బాక్సర్ల కార్లు బోలెడు! ఎలా? తెల్లవాళ్లెవరికో పైన కొంత డబ్బిచ్చి, వాళ్ల పేరు మీద కొనిపించుకునేవాళ్లు.

ఎందుకంత కష్టం? ఆ రోజుల్లో డబ్బున్నా మంచి పేటలో ఇల్లు అమ్మేవాళ్లు కాదు, మంచి హోటల్లో గది ఇచ్చేవాళ్లు కాదు. ‘నేను పైకొచ్చాను’ అని నలుగురికీ చూపించగలిగే వస్తువు కారొక్కటే. డ్రైస్టాట్ బోర్డు ముందుకెళ్లి, ‘ఈ లాభం మధ్యవాళ్లకెందుకు, మనమే నేరుగా అమ్ముదాం’ అని ఒప్పించాడు. ఆయన వాదన న్యాయం కోసం కాదు, వ్యాపారం కోసమే. ఆ మాట దాచక్కర్లేదు. కానీ బ్రాండ్ నిలబడింది. 1934లో క్యాడిలాక్ మొత్తానికీ ఆయన్నే అధిపతిని చేశారు.

తను వద్దనుకున్న కస్టమరే తనని బతికించడం... ఇంతకన్నా పెద్ద పాఠం ఏ బిజినెస్ స్కూల్లో చెబుతారు!

రెక్కలొచ్చిన రోజులు

యుద్ధం అయిపోయాక క్యాడిలాక్‌కి నిజంగానే రెక్కలొచ్చాయి. డిజైనర్ హార్లీ ఎర్ల్ టీం పీ-38 అనే యుద్ధ విమానాన్ని చూసి, 1948 మోడల్ వెనక చిన్న తోకరెక్కలు పెట్టింది. ఏటికేడు అవి పెరిగి పెరిగి 1959కి ఆకాశాన్ని చూస్తున్నట్టు తయారయ్యాయి, రెండేసి తూటాల్లాంటి ఎర్రలైట్లతో. ఆ కారు పొడవు 5.7 మీటర్లు. మన ఆల్టో మూడున్నర మీటర్లు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ కారు పెడితే పక్కింటాయన బండి తోసేసుకోవాల్సిందే!

ఎల్విస్ ప్రెస్లీ గులాబీరంగు క్యాడిలాక్ ఫొటో మీరూ చూసే ఉంటారు. 1955 మోడల్. దాన్ని ఆయన వాళ్లమ్మకి ఇచ్చాడు. ఆమెకి డ్రైవింగ్ లైసెన్సే లేదు! ఒకప్పుడు రెండు గదుల ఇంట్లో ఉన్న కుటుంబం అది. అమ్మ నడపలేదని కొడుక్కి తెలియదా? తెలుసు. అది నడపడానికి కొన్న కారు కాదు. ఇక్కడ కూడా మొదటి జీతంతో అమ్మకి పట్టుచీర కొంటే, ఆవిడ బీరువాలో దాచుకుంటుంది కానీ కట్టుకుంటుందా? అలాంటిదే.

1957లో వచ్చిన ఎల్డొరాడో బ్రూమ్ ధర 13,074 డాలర్లు. అప్పట్లో రోల్స్‌రాయిస్‌ కన్నా ఎక్కువ. ‘క్యాడిలాక్’ అంటే ‘అన్నిటికన్నా గొప్పది’ అనే అర్థం జనం నోళ్లలో స్థిరపడింది ఈ కాలంలోనే.

కొండ నాలుకకు మందేస్తే...

1973లో చమురు సంక్షోభం వచ్చింది. 1979లో మళ్లీ. అప్పటికి క్యాడిలాక్ ఇంజిన్ 8.2 లీటర్ల దాకా పెరిగి ఉంది. ప్రభుత్వమేమో మైలేజీ పెంచమంటోంది. పోటీగా జర్మనీ, జపాన్ కార్లు దిగుతున్నాయి. అప్పుడు కంగారులో రెండు పనులు చేశారు.

మొదటిది 1981లో వచ్చిన వీ8-6-4 ఇంజిన్. ఐడియా అద్భుతం. బరువు లాగేటప్పుడు ఎనిమిది సిలిండర్లూ పనిచేస్తాయి. తేలిగ్గా వెళ్లేటప్పుడు ఆరు, ఇంకా తేలికైతే నాలుగే. కంప్యూటరే చూసుకుంటుంది. కానీ అప్పటి కంప్యూటర్‌కి అంత వేగం ఎక్కడిది? బండి కుదుపులు, జర్కులు. చిప్‌లో కొత్త ప్రోగ్రాములు ఒకదాని వెనక ఒకటి ఇచ్చారు. ఇప్పటిలా రాత్రికి రాత్రి ఫోన్‌లో అప్‌డేట్ అయిపోయే రోజులు కావవి. ప్రతిసారీ షోరూమ్‌కి వెళ్లాలి. చివరికి విసిగిపోయిన ఓనర్లు ఒక వైరు పీకించేసుకుని ఎనిమిదితోనే నడుపుకున్నారు. ఏడాది తిరిగేసరికి దాదాపు అన్ని మోడళ్లలోనూ ఆ ఇంజిన్ తీసేశారు.

ఇప్పుడు ఇదే పద్ధతి బోలెడు కార్లలో హాయిగా నడుస్తోంది. అంటే ఐడియా తప్పు కాదు. పరీక్షలు పూర్తికాకుండా జనం మీదకి వదలడం తప్పు.

రెండోది ఇంకా ఘోరం. 1982 మోడల్ సిమరాన్. షెవర్లే కావలియర్ అనే మామూలు కారునే తీసుకుని, లెదర్ సీట్లేసి, క్యాడిలాక్ బ్యాడ్జి అంటించి, వేల డాలర్లు ఎక్కువ పెట్టి అమ్మారు. నాలుగు సిలిండర్లు, 88 హార్స్‌పవర్. బీఎండబ్ల్యూ కొనే కుర్రాళ్లని లాగాలన్నది ప్లాన్. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టైంది. కొత్తవాళ్లు రాలేదు, పాతవాళ్లు నొచ్చుకున్నారు. 1988 దాకా లాగి ఆపేశారు. ఇవాళ్టికీ చెత్త కార్ల జాబితా ఎవరు రాసినా అందులో సిమరాన్ ఉండాల్సిందే.

ఇదే నా కథ

సిమరాన్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అలాంటిది నేనూ ఒకటి చేశాను.

కొన్నేళ్ల కిందట మా ప్రోడక్టుకి ‘ప్రీమియం’ ప్లాన్ కావాలన్నారు. టైమ్ మూడు వారాలు. కొత్త ఫీచర్లు రాయడానికి మూడు నెలలు పడుతుంది. మీటింగులో ఎవరో అన్నారు, ‘ఉన్న డ్యాష్‌బోర్డునే పేరు మార్చి, రంగు మార్చి ఇద్దాం, తర్వాత చూసుకుందాం’ అని. రంగు మార్చిన చెయ్యి నాదే. నీలం పోయి బంగారు రంగు వచ్చింది. లోపల ఒక్క లైను మారలేదు. నాకు తెలుసు. నోరెత్తలేదు. అప్రైజల్ దగ్గర్లో ఉంది మరి.

నెల తిరక్కుండానే ఒక కస్టమర్ రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి మెయిల్ కొట్టాడు. తిట్లు లేవు. ‘తేడా ఏంటో చెప్పగలరా?’ అని ఒకే ప్రశ్న. ఆ మెయిల్‌కి జవాబు రాసే పని నా మీదే పడింది. ఎంత తిప్పి రాసినా అబద్ధంలాగే ఉంది. ఆయన ప్రీమియం ప్లాన్ ఒక్కటే కాదు, నాలుగేళ్లుగా వాడుతున్న మామూలు ప్లాన్ కూడా ఆపేశాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

బ్రాండ్ అంటే లోగో కాదని నాకు అర్థమైంది ఆ రోజే. ‘వీళ్లు నన్ను మోసం చేయరు’ అని జనం పెట్టుకున్న డిపాజిట్ అది. దాన్ని ఒకసారి వాడేసుకుంటే మళ్లీ నింపడానికి తరాలు పడుతుంది.

222 కార్ల తేడా

క్యాడిలాక్‌కీ అలాగే పట్టింది. 1989లో టొయోటా వాళ్ల లెక్సస్ దిగింది. మంచి కార్లకి మంచి ఉద్యోగాలున్న కుర్రాళ్లు అటు వెళ్లిపోయారు. పాత అభిమానులు మాత్రం క్యాడిలాక్‌తోనే ఉన్నారు, క్యాడిలాక్‌తోపాటే ముసలివాళ్లయ్యారు. మా ఒంగోలు అన్న అన్న ‘తాతల కారు’ మాట అలా పుట్టింది.

1998 అమ్మకాల లెక్కలొచ్చాయి. లగ్జరీలో దశాబ్దాలుగా మొదటి స్థానం క్యాడిలాక్‌దే. ఈసారీ గెలిచామన్నారు, కేవలం 222 కార్ల తేడాతో. కొన్ని నెలలకి జనరల్ మోటార్స్ తలదించుకుని ఒప్పుకుంది, డిసెంబరు లెక్కలు తప్పు, వేల కార్లు ఎక్కువ చూపించామని. అసలు విజేత ఎవరు? లింకన్! అదే, లేలండ్ పెద్దాయన బయటికొచ్చి పెట్టిన కంపెనీ. వెంట్రుక మందం తేడా ఒప్పుకోని మనిషి మొదలుపెట్టిన బ్రాండ్ లెక్కల్లో దొరికిపోయింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే.

మళ్లీ మొదటినుంచి

అయితే కథ అక్కడ ఆగలేదు. లింకన్ నావిగేటర్‌కి పోటీగా 1999 మోడల్‌గా హడావుడిగా తెచ్చిన ఎస్కలేడ్ కూడా మొదట్లో బ్యాడ్జి మార్చిన బండే. కానీ 2002 మోడల్ నుంచి దానికంటూ ఒక రూపం వచ్చింది, హిప్‌హాప్ గాయకులు నెత్తిన పెట్టుకున్నారు. 2003లో ‘మ్యాట్రిక్స్ రీలోడెడ్’ సినిమా హైవే ఛేజ్‌లో పరిగెత్తిన వెండిరంగు కారు గుర్తుందా? అది సీటీఎస్. దాని వేగవంతమైన తమ్ముడు సీటీఎస్-వీ 2008లో జర్మనీలోని నర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌ని ఎనిమిది నిమిషాల లోపు చుట్టేసింది. జర్మన్ల ఇంటికెళ్లి మరీ!

2017లో వచ్చిన సూపర్ క్రూజ్ నాకు బాగా నచ్చిన పని. స్టీరింగ్ వదిలేసి కూర్చోవచ్చు. కానీ ముందుగానే లేజర్‌తో కొలిచి మ్యాపు వేసుకున్న హైవేల మీద మాత్రమే. మీ కళ్లు రోడ్డు మీద ఉన్నాయో లేదో కెమెరా చూస్తూనే ఉంటుంది. ‘అన్నీ చేసేస్తాం’ అనలేదు, ‘ఇక్కడివరకే చేస్తాం’ అన్నారు. 1981 నాటి దెబ్బ గుర్తున్నవాళ్లు చేసిన పనిలా అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు లిరిక్ లాంటి కరెంటు కార్లున్నాయి. చేత్తో తయారుచేసే సెలెస్టిక్ ధర 3 లక్షల డాలర్ల పైమాటే. 2026లో ఫార్ములా వన్‌లో పదకొండో టీంగా క్యాడిలాక్ దిగుతోంది, పెరెజ్, బొటాస్ డ్రైవర్లుగా. ఇంజిన్ ప్రస్తుతానికి ఫెరారీది. ‘బ్యాడ్జి ఒకరిది, ఇంజిన్ ఒకరిది, మళ్లీ సిమరానేనా?’ అంటారేమో. తేడా ఉంది. ఈసారి ఆ విషయం ముందే అందరికీ చెప్పారు, సొంత ఇంజిన్ తర్వాత తెస్తామనీ చెప్పారు.

మన దగ్గర క్యాడిలాక్ షోరూమ్ లేదు. జనరల్ మోటార్సే 2017లో ఇక్కడ కార్ల అమ్మకం ఆపేసింది. అయినా మీరు ఒక క్యాడిలాక్‌ని టీవీలో చూసే ఉంటారు. 2015 రిపబ్లిక్ డేకి ఒబామా ఢిల్లీలో దిగింది, 2020లో ట్రంప్ అహ్మదాబాద్ వచ్చినప్పుడు తిరిగింది ‘బీస్ట్’ అనే నల్లటి క్యాడిలాక్‌లోనే.

మిషిగాన్ నుంచి వచ్చేముందు ఆదివారం, హికరీ కార్నర్స్ అనే పల్లెలో ఉన్న గిల్మోర్ కార్ల మ్యూజియంకి వెళ్లాం. అక్కడ క్యాడిలాక్‌లకి విడిగా ఒక భవనమే ఉంది. మా అన్న ఒక పాత కారు తలుపు సందులో వేలు పెట్టి చూసి, ‘‘గ్యాప్ అంతా ఒకేలా ఉందిరా’’ అన్నాడు. ‘తాతల కారు’ అనలేదు.

ఈ మధ్య మా ఆఫీసులో మళ్లీ అలాంటి టికెట్టే వచ్చింది. పేరు మారుద్దాం, రంగు మారుద్దాం. ఈసారి కింద కామెంట్ పెట్టాను: ‘లోపల ఏం మారుతుందో రాస్తే చేస్తాను’. మూడు రోజులు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రిలీజ్ ఒక నెల వెనక్కి జరిగింది. మేనేజర్ ముఖం ఇంకా మాడే ఉంది. అప్రైజల్ వచ్చే నెలలో.

చూద్దాం.